మూడు నోళ్ళు

జనవరి 9, మంగళవారం

మా ఆవిడ ఎల్వీ ఇవాళ నా చేత్తో సగం గిన్నె తింది. గుమ్మడికాయ సూప్. మిగతా సగం నా చొక్కా మీదకొచ్చింది.

ఆమె ఉండే వృద్ధుల హోమ్ డైనింగ్ హాల్లో ఆయా మారివిక్ ఒక్కతే ఉంది. ఉండాల్సింది ముగ్గురు. ఒకామెకు జ్వరం. ఇంకొకామె చెప్పకుండా మానేసింది. ఏజెన్సీ నుంచి మనిషి వస్తుందన్నారు గానీ మంచులో రోడ్డు మూసేశారట. పాపం ఆ పిల్ల అందరి ముందూ ట్రేలు పెట్టుకుంటూ పరుగెడుతోంది. పెట్టడం వరకు సరే, తినిపించడానికి చేతులెక్కడివి? మా టేబుల్ దగ్గర గాస్టన్ ముందు కూడా ఒక ట్రే పెట్టి, ఇప్పుడే వస్తా తాతా అని వెళ్ళింది. రాలేదు.

గాస్టన్‌కి పక్షవాతం. కుడిచేయి ఒళ్ళో పడి ఉంటుంది. మాట పోయింది. ఒకప్పుడు అడవిలో చెట్లు కొట్టించే మేస్త్రీ అట. ఇవాళ అతను నా ముఖం చూడలేదు. నా చేతిలో చెంచాను చూశాడు. చెంచా ఎల్వీ నోటి దాకా వెళ్ళినప్పుడల్లా అతని నోరు తెరుచుకుంది.

కాసేపు చూడనట్టే కూర్చున్నాను. తర్వాత అతని ట్రే నా వైపు లాక్కున్నాను.

జనవరి 10

గాస్టన్‌కి ఇవాళ కూడా.

జనవరి 17, బుధవారం

మా టేబుల్‌కి బెర్నీస్ వచ్చింది. ఇన్నాళ్ళూ పైఅంతస్తులో తన గదిలోనే తినేదట. గదులకి ట్రేలు మోసే మనుషులు లేక అందరినీ కిందికి దింపుతున్నారు.

బెర్నీస్‌ని ఎరగనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. స్కూలు బస్సు నడిపేది. సగం ఊరిని బడికి దింపింది ఆవిడే. ఇప్పుడు చేతులు ఆగకుండా వణుకుతాయి. చెంచా నోటికి చేరేలోపు ఖాళీ అవుతుంది. మూడుసార్లు ప్రయత్నించి చెంచా విసిరేసింది. నేను నా కుర్చీ కొంచెం జరుపుకుని, ఎల్వీకొకటి, గాస్టన్‌కొకటి, ఆవిడకొకటి పెట్టడం మొదలుపెట్టాను.

ఆవిడ నోటికి మాత్రం వణుకు లేదు. "ఏంటయ్యా రేనో, ధాన్యం గోదాములో పారతో ఎత్తినట్టు ఎత్తుతున్నావు? ఇది నోరు, నీ గోదాము కాదు" అంది. నేను రేవు దగ్గర ధాన్యం గోదాముల్లో పనిచేశానని ఆవిడకి గుర్తుంది. చెంచాలో తగ్గించాను. "ఇప్పుడు పిచ్చుకకి పెడుతున్నావా?" అంది.

చాలా రోజుల తర్వాత భోజనం దగ్గర నవ్వాను.

జనవరి 25, గురువారం

డార్లీన్ చూసింది. హోమ్ మేనేజర్. ఆవిడే ఒక ట్రాలీ తోసుకుంటూ వచ్చింది, వంటమనిషి కూడా రాలేదట. నా చేతిలో చెంచా చూసి ఆగింది. తిడుతుందేమో అనుకున్నాను. భుజం మీద చెయ్యి వేసి, మీరు చల్లగా ఉండాలి రేనోగారూ అంది. ముఖం పీక్కుపోయి ఉంది.

ఆవిడ అటు వెళ్ళగానే బెర్నీస్ మొదలుపెట్టింది. డార్లీన్‌ని కూడా బడికి తనే తీసుకెళ్ళేదట, ఆ పిల్ల ప్రతి మలుపు దగ్గరా వాంతి చేసుకునేదట, ఇప్పుడు అదే పిల్ల వచ్చి ఎన్నింటికి పడుకోవాలో తనకి చెబుతోందట.

మారివిక్ ఈ మధ్య మా టేబుల్ వైపు రావడం లేదు. అవసరం లేదుగా. అటువైపు గోడ దగ్గర ఉన్నవాళ్ళకి తినిపిస్తోంది. దూరం నుంచి నాకు భేషన్నట్టు బొటనవేలు ఎత్తి చూపిస్తుంది.

ఫిబ్రవరి 2, శుక్రవారం

ఏలకుల రొట్టె చేశాను. ఎల్వీ అయితే పిండిని జడలా అల్లేది. నాకు అల్లడం రాదు. ముద్దలు చేసి ఓవెన్‌లో పడేశాను. ఇల్లంతా ఆమె వాసన వచ్చింది. ఆమె ఇంట్లో ఉన్నప్పటి వాసన.

ఫిబ్రవరి 3

రొట్టె పట్టుకెళ్ళాను. ఎల్వీ వాసన చూసి ఏదో అనబోయింది, మాట రాలేదు. గాస్టన్ మెత్తటి భాగం తిన్నాడు. బెర్నీస్ నా ఫ్లాస్కులో కాఫీలో ముంచుకుని రెండు తిని, ఇక్కడి కాఫీ బురదనీ, ఇది కాఫీ అనీ, ఎల్వీ లాంటి మొగుణ్ణి చేసుకోలేకపోయాననీ అంది. ఎల్వీ లాంటి మొగుడా? అన్నాను. నీ వంట చూస్తే మీ ఇంట్లో మొగుడు తనే అనిపిస్తోంది మరి, అంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

బెర్నీస్‌ని అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. రాయలేను.

ఫిబ్రవరి 7

పోయింది. డార్లీన్ ఫోన్ చేసింది.

ఫిబ్రవరి 8, గురువారం

రాయాలి. రాయకపోతే ఇది నా లోపలే తిరుగుతుంది.

మంగళవారం బెర్నీస్ ముందు పెట్టిన గిన్నెలో ఆకుపచ్చ గుజ్జు ఉంది. ఇదేమిటన్నాను. "వంటింట్లో ఎవరిదో నాకు పంపారు. చంటిపిల్లల కూడు. అవతల పెట్టు" అంది. నేను నమ్మాను. అక్కడ ట్రేలు తారుమారు కావడం మామూలే. మొన్న ఎల్వీకి ఎవరో షుగర్ మనిషి ట్రే వచ్చింది.

నీ సంచిలో రొట్టె ఉంది, వాసన దాస్తావా, అంది. తీశాను. కాఫీలో ముంచి చెంచాలో పెట్టాను. మొదటి ముక్క తింది. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. ఇంకొకటి అంది. పెట్టాను.

దగ్గు రాలేదు. ఎవరికైనా గొంతులో పడితే దగ్గుతారు కదా. ఏ చప్పుడూ లేదు. ఆవిడ నా వైపు చూసి నోరు తెరిచింది. ఇంకో ముక్క అడుగుతోందనుకున్నాను.

చెంచా ఎత్తాను కూడా.

అప్పుడు ఆవిడ పెదవుల రంగు చూశాను. అరిచాను. హాల్లో స్టాఫ్ ఎవరూ లేరు. మారివిక్ బాత్రూంలోంచి అరిచింది. ఒక లావుపాటాయన్ని నిలబెట్టి పట్టుకుని ఉందట, వదిలితే పడిపోతాడని, నర్సుని పిలవమని. నర్సు పైఅంతస్తులో ఉంది. బెర్నీస్‌ని ముందుకి వంచి వీపు మీద కొట్టాను. చిన్న వీపు. నా చేతులు మోటువి. ఎముక విరిగిపోతుందేమో అని మెల్లగా కొట్టానా? అది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మారివిక్ ఆయన్ని ఎలాగో కుర్చీలో పడేసి పరుగెత్తుకొచ్చి నన్ను తోసేసి ఆవిడని వెనక నుంచి పట్టుకుని పొట్ట మీద గట్టిగా నొక్కింది. రొట్టె ముక్క బయటికొచ్చింది. ఊపిరి రాలేదు.

ఇదంతా జరుగుతుంటే ఎల్వీ నా చొక్కా అంచు పట్టుకుని లాగుతోంది. ఆమెకి ఇంకా ఆకలిగా ఉంది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

డార్లీన్ తన ఆఫీసులోకి పిలిచింది. కాఫీ ఇచ్చింది. తాగలేదు.

మెల్లగా మాట్లాడింది. మంగళవారం టేబుల్ దగ్గర మారివిక్ ఉందని, బెర్నీస్‌కి తినిపిస్తూ మధ్యలో వదిలేసి వెళ్ళిందని అనుకుంటున్నారట. మీరు మీ ఆవిడకి మాత్రమే తినిపిస్తున్నారు కదా, అటువైపు చూసి ఉండరు కదా, అంది. అడుగుతోందో చెబుతోందో మొదట అర్థం కాలేదు. అప్పుడు కిటికీలోంచి చూస్తూ అంది: "టొరంటో హెడ్డాఫీసులో కూర్చున్నవాళ్ళకి ఒక పేరు కావాలండీ. మీ పేరు చెబితే ఇక మిమ్మల్ని హాల్లోకి రానివ్వరు. ఎల్వీగారు మీ చేత్తో తప్ప తినరు. ఆ సంగతి నాకు తెలుసు, మీకూ తెలుసు."

బెదిరించినట్టు లేదు. నిజంగా జాలిపడినట్టే ఉంది. అందుకే ఇంకా భయం వేసింది.

చూడలేదు అన్నాను.

ఫిబ్రవరి 11

కొత్త రూల్. ఎవరి మనిషికి వాళ్ళే తినిపించాలి. పక్కవాళ్ళని ముట్టుకోకూడదు.

ఎల్వీకి తినిపిస్తున్నాను. ఎదురుగా గాస్టన్. అతని ట్రేలో సూప్ మీద తెట్టు కట్టింది. చెంచా ఎత్తినప్పుడల్లా నోరు తెరుస్తున్నాడు. దించగానే మూస్తున్నాడు. ఏజెన్సీ నుంచి వచ్చిన అబ్బాయికి చెప్పాను. ఆ టేబుల్ నాది కాదండీ అన్నాడు. ఏ టేబుల్ తనదో అతనికీ తెలియదు.

తల దించుకుని ఎల్వీ గిన్నె వైపే చూస్తూ తినిపించాను. అయినా గాస్టన్ నోరు తెరిచే చప్పుడు వినిపిస్తోంది. నోరు తెరిస్తే చప్పుడు ఉంటుందని ఇంతకుముందు తెలియదు.

ఫిబ్రవరి 13

గడ్డం గీసుకుంటూ అద్దంలో నోరు తెరిచాను. రేజరు కింద పెట్టేశాను. సగం గడ్డంతోనే హోమ్‌కి వెళ్ళాను.

పోస్టు డబ్బా. డ్రయ్యర్ తలుపు. కారు దిగి డోరు వేయబోతే సీటు వెనకాల చీకటి. అన్నీ తెరుచుకునే ఉన్నాయి. అన్నీ ఏదో అడుగుతున్నాయి.

ఫిబ్రవరి 14, బుధవారం

మారివిక్ కనిపించింది. సూపర్‌మార్కెట్ బయట, బస్సు కోసం నిలబడి ఉంది. ఆమెని పనిలోంచి పక్కన పెట్టారు. కారెక్కించుకున్నాను. హీటర్ ఆమె వైపు తిప్పాను.

తర్వాత తనే చెప్పింది. ఆ మంగళవారానికి ముందురోజు డాక్టర్ వచ్చి చూసి, బెర్నీస్‌కి మింగుడు తగ్గిపోయింది, ఇక గుజ్జు తప్ప ఏదీ పెట్టొద్దన్నాడట. ఆ మాట బెర్నీస్‌కి చెప్పింది మారివిక్కే. చెబితే బెర్నీస్ గోడవైపు తిరిగి పడుకుందట.

అంటే ఆవిడకి తెలుసు. తెలిసే ఎవరిదో ట్రే అని నాతో అబద్ధం చెప్పింది.

"నీకు చెప్పలేదు తాతా. నువ్వు స్టాఫ్ కాదుగా, ఎవరూ నీకు చెప్పాలనుకోలేదు. నేను చెబుదామనుకున్నా. ఆ రోజు నీళ్ళు తాగడానికి కూడా తీరిక దొరకలేదు" అంది మారివిక్.

ఈ ఉద్యోగం పోతే ఆమె ఈ దేశంలో ఉండటానికి వీల్లేదు. అది నేనడిగితేనే చెప్పింది. నిజం చెప్పు తాతా అని ఒక్కసారి కూడా అనలేదు. దిగేటప్పుడు, ఎల్వీ అమ్మమ్మ తింటోందా అని మాత్రం అడిగింది.

ఫిబ్రవరి 17, శనివారం

బెర్నీస్ అంత్యక్రియలు. తర్వాత చర్చి కింది హాల్లో శాండ్‌విచ్‌లు, కాఫీ. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఊరంతా వచ్చింది. అందరూ బస్సు కథలే చెబుతున్నారు.

ఆవిడ కొడుకు వెండెల్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. లారీ మెకానిక్. ఆవిడ నోరే అతనిదీ. నువ్వేనా రేనోవి, అమ్మ ఫోన్లో రోజూ నీ గురించే చెప్పేది, ముసలాడు పారతో తినిపిస్తున్నాడని తెగ నవ్వేది, అన్నాడు. నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు ఆవిడకి పెట్టింది నేనేనని చెప్పాను. అక్కడున్నది మారివిక్ కాదని చెప్పాను.

"ఏం పెట్టావు?"

"ఏలకుల రొట్టె. కాఫీలో ముంచి."

అతను కప్పు పక్క టేబుల్ మీద పెట్టాడు. ఆ ముందురోజు, సోమవారం, అమ్మ ఫోన్లో ఏడ్చిందట, గుజ్జు పెడుతున్నారని. సర్దుకో అమ్మా, నీ మంచికేగా అని చెప్పి ఫోన్ పెట్టేశాడట.

"బాగుందందా?" అని అడిగాడు.

"ఇంకొకటి అడిగింది."

కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. కార్ల మధ్య మంచులో నిలబడ్డాడు. నేను కదలలేదు. వచ్చి కొట్టినా సరే అనుకున్నాను. తిరిగొచ్చాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. "నాతో చెప్పినట్టే వాళ్ళతోనూ చెప్పు. నాతో చెప్పేసి ఇంటికెళ్ళి పడుకుంటానంటే కుదరదు పెద్దాయనా" అన్నాడు.

ఫిబ్రవరి 18

ఎల్వీ అన్నం పాయసం మొత్తం తింది. నేను చెంచా కింద పెట్టాక నా వేళ్ళు పట్టుకుని కూర్చుంది. ఇది ఆఖరుసారి అని ఆమెకి ఎలా చెప్పను?

ఫిబ్రవరి 20, మంగళవారం

ప్రభుత్వం నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. చిన్నపిల్ల. జలుబుతో ఉంది. జనవరి నుంచి జరిగింది అంతా చెప్పాను. ఎవరెవరికి తినిపించాను, ఎవరు చూశారు, ఆ మంగళవారం హాల్లో ఎవరున్నారు, ఎవరు లేరు.

నన్ను ఎవరైనా వద్దన్నారా అని అడిగింది. లేదు, సంతోషించారు అన్నాను. ఎలా తినిపించాలో ఎవరైనా నేర్పారా అంది. మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను అన్నాను. ముక్కు తుడుచుకుంటూ చాలాసేపు రాసుకుంది.

బయట డార్లీన్ నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మీకు ఎల్వీగారు గుర్తుకు రాలేదా, అంది.

ఆ మాటతో ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 21

విచారణ అయ్యేదాకా నేను డైనింగ్ హాల్లోకి వెళ్ళకూడదు. మధ్యాహ్నం మూడింటికి విజిటర్స్ గదిలో కూర్చోవచ్చు. తినేవి తేకూడదు.

మారివిక్‌ని మళ్ళీ పనిలోకి పిలిచారు.

ఫిబ్రవరి 26, సోమవారం

ఎల్వీ తినడం లేదు. మారివిక్ మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుతోందట. ఎల్వీ దవడ బిగించేసి తల పక్కకి తిప్పుకుంటోందట. పాలు కొంచెం. అంతే.

మూడింటికి విజిటర్స్ గదికి తీసుకొచ్చారు. స్వెటర్ భుజం మీద నుంచి జారిపోతోంది. సర్దాను. సర్దుతుంటే నా వేళ్ళు ఆమె చెంపకి తగిలాయి.

నోరు తెరిచింది.

నా చేతిలో ఏమీ లేదు. తెరిచిన నోరు అలాగే ఉంది. నన్నే చూస్తోంది. తలుపు దగ్గర ఆయా చూస్తోంది. నేను ఏం చెయ్యాలి? ముద్దు పెట్టుకున్నాను. అప్పటికీ మూయలేదు.

బెర్నీస్ కోసం నిజం చెప్పానా, మారివిక్ కోసమా, నా నిద్ర కోసమా? ఎవరి కోసం చెప్పినా మాడుతున్నది ఎల్వీ.

మార్చి 1, శుక్రవారం

మారివిక్ ఫోన్ చేసింది, హాల్లోంచి. తన ఫోన్ ఎల్వీ గిన్నె పక్కన పెట్టిందట. మాట్లాడు తాతా, ఏదో ఒకటి మాట్లాడు, అంది.

నేను వంటింట్లో ఉన్నాను. ఒక గిన్నె, ఒక చెంచా తీసి నా ముందు పెట్టుకున్నాను. ఖాళీ గిన్నెలోంచి చెంచాతో ఎత్తుతూ, అక్కడ ఉన్నట్టే, మా ఇంటి భాష ఫిన్నిష్‌లో మాట్లాడాను. వేడిగా ఉంది, ఊదుతున్నానుండు. ఇదిగో. మెల్లగా. ఇంకొంచెం. చెంచా గిన్నెకి తగిలే చప్పుడు వినిపిస్తోంది, అక్కడిదో నాదో.

తింటోంది తాతా, అంది చివరికి. తర్వాత నవ్వింది. గాస్టన్ కూడా నోరు తెరుస్తున్నాడట నా మాటకి. ఇంట్లో కూర్చుని ఇద్దరికి పెడుతున్నావ్, మా జీతం నువ్వే తీసుకో, అంది.

ఫోన్ పెట్టేశాక ఖాళీ గిన్నె కడిగాను. ఆ టేబుల్ దగ్గర ఇప్పుడు బెర్నీస్‌లాగే నేనూ కనిపించని మనిషినే.

మార్చి 2

తింది.

మార్చి 4

తింది. రెండు రోజులూ.

మార్చి 8, శుక్రవారం

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసింది. ఇంకా జలుబు తగ్గలేదు. తప్పు హోమ్‌దే అని తేల్చారట. భోజనం వేళ హాల్లో ముగ్గురు ఉండి తీరాలట. మారివిక్ మీద ఏమీ లేదు. నేను ఏప్రిల్ నుంచి రావచ్చు, కానీ ఒక రోజు ట్రైనింగ్ తీసుకోవాలి, ఎల్వీకి తప్ప ఎవరికీ పెట్టకూడదు. డార్లీన్ రాజీనామా చేసిందట. టొరంటోవాళ్ళ గురించి అడిగాను. వాళ్ళకి ఉత్తరం వెళుతుంది అంది.

వెండెల్‌కి ఫోన్ చేసి చెప్పాను. విన్నాడు. సరే అన్నాడు. ఆ రొట్టె ఎలా చేస్తావు అని అడిగాడు. చెప్పాను. రాసుకున్నాడో లేదో తెలియదు.

ఈ వారం హాల్లో ముగ్గురు ఉన్నారని మారివిక్ చెప్పింది. నిన్నటి నుంచి ఇద్దరు.

మార్చి 12, మంగళవారం

మధ్యాహ్నం హాల్‌కి ఫోన్ చేశాను. మారివిక్ కాదు, ఎవరో కొత్తమ్మాయి ఎత్తింది. ఏజెన్సీ. మారివిక్‌ని పైఅంతస్తుకి పంపారట. ఫోన్ ఎల్వీ పక్కన పెట్టమ్మా అన్నాను. అక్కర్లేదండీ, ఆవిడ తినేసింది, గిన్నె ఖాళీ, అంది.

ఎవరు తినిపించారన్నాను. ఆ టేబుల్ దగ్గర కూర్చునే ఆవిడేనట. పిచ్చుకకి పెడుతున్నానంటూ నవ్విస్తూ తినిపించిందట.

ఆ టేబుల్ దగ్గర ఇంకో ఆవిడ ఎవరూ లేరమ్మా, అన్నాను.

"ఏమోనండీ, ఇవాళే నా మొదటిరోజు. నాకు అందరూ ఒకేలా ఉన్నారు" అంది. అవతల ఎవరో కేకేశారు. ఫోన్ టేబుల్ మీద పెట్టి పరుగెత్తింది. కట్ చెయ్యలేదు.

నేనూ పెట్టెయ్యలేదు. వింటున్నాను.